డెబ్బై ఒక్క మార్కుల చేను

మనిషి కన్ను నమ్మదగినది కాదని మా శాఖ ఆ ఏడాది జూన్ నెలలో తేల్చింది. "క్షేత్ర సిబ్బంది పైరును స్వయముగా కంటితో చూచి నీటి అవసరమును అంచనా వేయు పద్ధతి అశాస్త్రీయమును, పక్షపాతమునకు తావిచ్చునదియు, కాలము చెల్లినదియు అయినందున ఇందుమూలముగా రద్దు చేయడమైనది. ఇకపై పైరును ఉపగ్రహము మాత్రమే చూచును" అని ఉత్తర్వు వచ్చింది. ఇంగ్లీషు ముసాయిదా పై ఆఫీసువాళ్ళది. తెలుగు చేసింది నేను. చేసి, రెండుసార్లు చదువుకుని, బాగుందనుకున్నది కూడా నేనే.

నా పేరు సోమయాజులు. కాలువల డివిజను ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. తెలుగు ఎమ్మే చదివిన పాపానికి ఇరవై ఏళ్ళుగా అనువాదాల సెక్షను నా నెత్తిన ఉంది. సెక్షనంటే ఒక బల్ల, ఒక కుర్చీ, నేను. ఆ కుర్చీలో కూర్చుని శాఖకంతటికీ ఒక పదకోశం తయారు చేశాను. నాలుగు వేల రెండు వందల మాటలు. ఒక్కో తెలుగు మాటకు ఒక్కటే ఇంగ్లీషు మాట. రెండు ఇస్తే గుమాస్తాలు ఏది రాయాలని తగువులాడుకుంటారని ఒక్కటే ఇచ్చాను. ప్రభుత్వం దాన్ని ఆమోదించి, ఆ పుస్తకాన్ని దాటి ఒక్క మాట వాడినా కాగితం చెల్లదని చెప్పింది. నాకు దక్కిన గౌరవం అదొక్కటే కాబట్టి ఆ పుస్తకం మీద ఎవరైనా వేలుపెడితే నాకు మండుకొచ్చేది.

ఉత్తర్వుకు ముందు మా కాలువల మీద నీళ్ళ పంపకం చాలా అనాగరికంగా జరిగేది. లస్కరు అంటే కాలువ తూములు కాసే మనిషి. అతను గట్టు వెంబడి నడిచి, చేలు చూసి, "సార్, ఫలానా కొసన పైరు దప్పిక మీదుంది" అని ఇంజనీరుకు చెప్పేవాడు. ఇంజనీరు తూము ఎత్తమనేవాడు. నీళ్ళు వెళ్ళేవి. ఇందులో శాస్త్రం ఎక్కడా లేదు.

శాస్త్రాన్ని తీసుకురావడానికి హరిత వీక్షణ మండలి అని ఒకటి పెట్టారు. దాని డైరెక్టరు విఠల్‌గారు. ఆయన మా అందరినీ చల్లటి హాల్లో కూర్చోబెట్టి గోడంత తెర మీద మా ఆయకట్టును చూపించారు. ఆయకట్టంతా గళ్ళు గళ్ళుగా ఉంది. ఒక్కో గడి పదిహేను ఎకరాలు.

"ఉపగ్రహం ప్రతి గడినీ ఆకాశం నుంచి చూసి, అందులో పచ్చదనం ఎంతుందో వందకు ఇన్ని అని మార్కులు వేస్తుంది. ఇరవైకి తక్కువ వస్తే అది పైరు లేని భూమి. పైరే లేనప్పుడు నీరు అనవసరం. నలభైకి పైన వస్తే అది ఆరోగ్యవంతమైన పైరు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా నీరు అనవసరం. ఇరవైకీ నలభైకీ మధ్య ఉన్నది దప్పిక పైరు. ఆ గడికి కంప్యూటరే నీటి ఆర్డరు ఇస్తుంది" అన్నారాయన.

వెనక వరసలోంచి ఒక ఇంజనీరు లేచి, "మబ్బులు పడితే ఉపగ్రహానికి కనపడదు కదండీ?" అని అడిగాడు.

"మబ్బు ఉన్నంతకాలం పాత మార్కులే కొనసాగుతాయి. మబ్బును చూసి శాస్త్రం ఆగదు" అన్నారు విఠల్‌గారు. అందరం చప్పట్లు కొట్టాం.

ఉపగ్రహం చెప్పినది నేల మీద నిజమో కాదో సరిచూడటానికి ఒక ఫారం కూడా పెట్టారు. దాన్ని పై ఆఫీసువాళ్ళు గ్రౌండ్ ట్రూత్ అన్నారు. నేను 'భూసత్యం' అన్నాను. లస్కరు రోజు విడిచి రోజు ఆ ఫారం నింపాలి. అయితే లస్కరు పైరును చూడకూడదన్న ఉత్తర్వు అమల్లో ఉంది కాబట్టి ఫారం అడుగున "కంటితో చూడకుండా నింపవలెను" అని ముద్రించారు. మండలి కంప్యూటరుకు తెలుగు రాదు. అందుకని ఆ ఫారాలన్నీ నా బల్ల మీదికి వచ్చేవి, నేను ఇంగ్లీషు చేసి పంపేవాణ్ణి.

పదకొండో నెంబరు కాలువ మా డివిజనులో అన్నిటికన్నా పొడుగైనది. దాని కొసన తొమ్మిది మంది రైతులున్నారు. వాళ్ళలోనూ చిట్టచివరి చేను కాటం సుబ్బాయమ్మది. సొంతం కాదు, మూడెకరాలు కౌలు. ఆమె, పెళ్ళి కాని చెల్లెలు, కన్ను కనపడని అత్తగారు, ఆ ముగ్గురికీ ఏడాది తిండి ఆ వడ్లే. పంట పోయిందంటే వచ్చే ఏడాది ఆ చేను కామందు ఇంకొకరికి ఇస్తాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ఆ కాలువ లస్కరు ఏసోబు రాసిన భూసత్యం ఒక్కటే.

దసరా వెళ్ళిన వారం ఆ కాగితం వచ్చింది. అక్షరాలు లావుగా, గీతలు దాటి ఉన్నాయి. "పదకొండో నెంబరు కొసన పైరు పచ్చబడింది. పొట్ట మీద ఉంది. తొందరగా ఒక తడి ఇప్పించగలరు."

పచ్చబడటమంటే ఏమిటో నాకు తెలియదా? కళ్ళు పచ్చబడితే కామెర్లంటాం. ఉతికిన పంచె పచ్చబడితే నీలి మందు వేస్తాం. కానీ నా పదకోశం నూట ఎనభయ్యో పేజీలో 'పచ్చ'కు ఎదురుగా గ్రీన్ అని ఉంది. ఎల్లోకు 'పసుపు' అని వేరే పేజీలో ఉంది. దాటితే కాగితం చెల్లదు. అందుకని, "పైరు గ్రీన్‌గా మారినది. గర్భముతో ఉన్నది. ఒక తడి ప్రార్థన" అనే అర్థం వచ్చేట్టు ఇంగ్లీషులో రాసి, ముద్ర వేసి పంపాను. ఆ పూట టిఫినుకు వెళ్ళేటప్పుడు ఆ సంగతి గుర్తు కూడా లేదు.

మర్నాడే విఠల్‌గారి దగ్గర్నుంచి అభినందన వచ్చింది. రాష్ట్రంలో ఆ వారం ఉపగ్రహమూ భూసత్యమూ అచ్చంగా కలిసిన గడి ఒక్కటేనట. ఉపగ్రహం ఆ గడికి డెబ్బై ఒక్క మార్కులు వేసింది. నేల మీద మనిషి కూడా గ్రీన్ అన్నాడు. "మన పద్ధతి నూటికి నూరుపాళ్ళు నిరూపితమైనది" అని ఆయన పై ఆఫీసుకు రాశారు. తడి అడిగిన సంగతి ఏమైందంటే, డెబ్బై ఒక్క మార్కుల పైరుకు తడి ఏమిటని కంప్యూటరు తోసిపుచ్చింది.

ఉపగ్రహాన్ని అనవలసిందేమీ లేదు. ఆ గడిలో సుబ్బాయమ్మ మూడెకరాలు పోగా మిగతాదంతా వెడల్పాటి మురుగు కాలువ. దాన్నిండా గట్టు నుంచి గట్టు దాకా నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క. ఆకాశం నుంచి చూసినవాళ్ళెవరైనా అక్కడ పచ్చగా ఉందనే అంటారు. అది చూసింది చూసినట్టు చెప్పింది. చూసింది చెప్పకుండా ఉన్నది ఆ గొలుసులో నేనొక్కణ్ణే.

ఏసోబు రెండోసారి, "పైరు ఇంకా పచ్చబడింది" అని రాశాడు. నేను "మరింత గ్రీన్" అని పంపాను. మూడోసారి అతనికి కోపమొచ్చి, "పైరంతా కామెర్ల రోగి మాదిరి పచ్చగా ఉంది" అని రాశాడు. 'రోగి'కి నా పదకోశంలో మాట ఉంది, 'కామెర్లు'కు లేదు. లేని మాటలు వదిలేయాలని నియమం. "పైరంతా గ్రీన్, రోగి సైతం గ్రీన్" అని వెళ్ళింది. విఠల్‌గారు దాన్ని తెర మీద పెట్టి అందరికీ చూపించారట. ఇంత గొప్ప పచ్చదనాన్ని నివేదించిన లస్కరు ఎవరని ఆరా తీశారట. తీశాక ఆయనకు ఒక అనుమానం వచ్చింది. అప్పుడు ఏసోబుకు సంజాయిషీ నోటీసు వచ్చింది.

"పైరు పచ్చబడినట్లు మీరు మూడు పర్యాయములు నివేదించియున్నారు. చూడనిదే ఎట్లు నివేదించితిరి? చూచియున్నచో ఉత్తర్వు నాలుగవ పేరాను ఉల్లంఘించితిరి. మీపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో తెలుపవలెను."

ఏసోబు నా బల్ల దగ్గరకొచ్చి ఆ కాగితం పెట్టాడు. యాభై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఎండలో నడిచి నడిచి కణతల దగ్గర చర్మం మడతలు పడింది.

"నాకు చదువు తక్కువండి. ఇందులో ఏముందో చెప్పండి" అన్నాడు.

చెప్పాను.

"కళ్ళుండబట్టే గదండీ నాకీ ఉద్యోగం ఇచ్చింది!" అన్నాడు.

"అది పాత పద్ధతి ఏసోబూ. చూశావా లేదా, ఏదో ఒకటి రాయాలి."

అతను కాసేపు ఆలోచించాడు. "నేను చూడలేదండి. గట్టు మీద నడుస్తా ఉంటే చేనే కనపడింది. అట్టా రాయండి" అన్నాడు.

అలాగే రాశాను. విఠల్‌గారికి ఆ జవాబు నచ్చింది. చూచుట వేరు, కనపడుట వేరు అని ఆయన ఒప్పుకుని, ఏసోబును హెచ్చరికతో వదిలేసి, ఇకముందు ఇలాంటివి జరగకుండా ఒక సర్క్యులరు ఇచ్చారు. "లస్కర్లు గట్టు మీద నడుచునపుడు ఎడమవైపున చేలున్నచో కుడివైపునకు చూడవలెను. ఇరువైపులా చేలున్నచో ఆకాశము వైపు చూడవలెను." ఏసోబు క్రమశిక్షణ గల మనిషి. ఆకాశం వైపు చూస్తూ నడిచి రెండో రోజునే తూములో పడ్డాడు. మోకాలు చిట్లింది.

ఆ మర్నాడే సుబ్బాయమ్మ మా ఆఫీసుకొచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. చెప్పులు గుమ్మం బయట విప్పి, లోపలికొచ్చి, నిలబడి, గట్టిగా అడిగింది.

"ఎవరయ్యా ఇక్కడ పచ్చ రాసింది?"

టైపు మిషను ఆగింది. అందరూ నావైపు చూశారు.

"ఏం పచ్చమ్మా?" అన్నాను.

"మా చేను పచ్చబడిందని ఏసోబు రాసిచ్చాడు. మీరు దాన్ని పచ్చగా ఉందని మార్చారంట గదా?"

"మార్చలేదమ్మా. అనువదించాను."

"ఏదో ఒకటి చేశారుగా! చివరి తడి పెట్టి పద్నాలుగు రోజులైంది. పైరు పొట్ట మీదుంది. ఈ నాలుగు రోజుల్లో ఒక్క తడి పడితే కంకి బయటికొస్తది. పడకపోతే కడుపులోనే చచ్చిపోద్ది. మీకు పుణ్యముంటది, రాసింది కొట్టేసి సరిగా రాయండి."

ఆమె కొంగులోంచి ఒక వరి దుబ్బు తీసి నా ఫైళ్ళ మీద పెట్టింది. వేళ్ళకు పగిలిన మట్టి అంటుకుని ఉంది. నేను చటుక్కున తల పైకెత్తి ఫ్యాను వైపు చూశాను. ఉత్తర్వు ఆఫీసు సిబ్బందికి కూడా వర్తిస్తుందో లేదో అప్పటికి స్పష్టత రాలేదు.

"ఇదేం రంగో చెప్పండి" అంది.

"నేను చూడకూడదమ్మా."

"ఎందుకని?"

"రూలు."

ఆమె నన్ను కొంచెంసేపు చూసింది. ఆమెకు ఏ నిషేధమూ లేదు కాబట్టి తీరిగ్గానే చూసింది. "సరే, ఓరకంట చూసి చెప్పండి. మీ వాళ్ళెవరికీ నేను చెప్పన్లే" అంది.

ఓరకంట చూశాను. ఆకులు చివర్ల నుంచి మొదలు దాకా పసుపు నీళ్ళలో ముంచినట్టున్నాయి.

"ఏం రంగు?" అంది.

"పచ్చ" అన్నాను.

"అదేగదయ్యా నేను చెప్పేది!" అంది సుబ్బాయమ్మ, బల్ల మీద చెయ్యి కొట్టి.

ఇద్దరం ఒకే మాట అన్నాం. ఆ మాటను నా పుస్తకంలో సగానికి కోసింది నేనేనని అప్పుడు నాకు అర్థమైంది. వారం రోజులుగా తెలిసిన సంగతే, అర్థమైంది మాత్రం ఆ దుబ్బు నా ఫైళ్ళ మీద పడ్డాకే. ఆమె వెళ్ళాక కూర్చుని, 'పచ్చ' అంటే ఎల్లో అని కూడా అర్థమున్నదనీ, భూసత్యాల అనువాదంలో పొరపాటు జరిగిందనీ, ఆ పొరపాటు నాదేననీ మండలికి నోట్ రాశాను.

విఠల్‌గారు ఫోను చేశారు.

"సోమయాజులుగారూ, ఆమోదించిన పదకోశంలో పచ్చ అంటే ఏమని ఉంది?"

"గ్రీనండి."

"రాసింది ఎవరు?"

"నేనేనండి."

"మరి మీ పుస్తకాన్ని మీరే కాదంటే, మన పద్ధతి నూటికి నూరుపాళ్ళు నిరూపితమైందని నేను పైకి రాసిన ఉత్తరం ఏం కావాలి? ఇది మీ సొంత విషయం కాదండీ. ఇందులో విధానపరమైన అంశాలు ఇమిడి ఉన్నాయి. కమిటీ వేస్తున్నాను" అన్నారు.

పచ్చ అంటే ఏమిటో తేల్చడానికి కమిటీ మూడుసార్లు కూర్చుంది. అందులో ఒక తెలుగు లెక్చరరు, ఒక గణాంకాధికారి, ప్రభుత్వ భవనాలకు రంగులు వేయించే ఇంజనీరు ఉన్నారు. కాఫీ, పకోడీల ఏర్పాటు నాకు అప్పగించారు. మొదటి సమావేశంలో లెక్చరరుగారు పచ్చజొన్నలు, పచ్చకామెర్లు, పచ్చబొట్టు అన్నీ ఏకరువు పెట్టారు. పచ్చకర్పూరం దగ్గరికొచ్చేసరికి అది తెల్లగా ఉంటుందని గణాంకాధికారి లేవనెత్తాడు. సభ గందరగోళమైంది. రెండో సమావేశానికి రుజువు కోసం ఉడికించిన కోడిగుడ్డు తెప్పించారు. కోసి, పచ్చసొన పళ్ళెంలో పెట్టారు. అది ఏ రంగో చెప్పబోయి లెక్చరరుగారు ఆగిపోయారు. కంటితో నిర్ణయించడం రద్దయింది కదా అని రంగుల ఇంజనీరు గుర్తుచేశాడు. గుడ్డుకు ఉపగ్రహం చేత మార్కులు వేయించవచ్చునా అని మండలికి ఉత్తరం రాశారు. గుడ్డు పదిహేను ఎకరాల కంటే చిన్నది కాబట్టి ఆనదని జవాబొచ్చింది. గుడ్డును రంగుల ఇంజనీరు ఉప్పు, మిరియాలపొడి చల్లుకుని తిన్నాడు.

మూడో సమావేశంలో తీర్మానం చేశారు. ప్రభుత్వ వ్యవహారాలలో పచ్చ అనగా గ్రీన్ మాత్రమే. ఇది జూన్ ఒకటో తారీఖు నుంచి అమల్లో ఉన్నట్లు భావించాలి. ఇప్పటిదాకా పచ్చ అని పిలవబడుతూ గ్రీన్ కాని వస్తువుల పేర్లు మార్చుకోవడానికి ప్రజలకు ఆరు నెలలు గడువు. నా పదకోశాన్ని దూరదృష్టి గల గ్రంథమని మెచ్చుకున్నారు. అంత మెప్పు నాకు ఎప్పుడూ రాలేదు. ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాను.

ఈలోపు విఠల్‌గారు లెక్కలు తిరగేసి ఒక గొప్ప సంగతి కనిపెట్టారు. పై ఊళ్ళలో క్రమం తప్పకుండా నీళ్ళందిన గళ్ళకు యాభై, అరవై మార్కులే ఉన్నాయి. పదిహేడు రోజులుగా చుక్క నీరు లేని పదకొండో నెంబరు కొసకు డెబ్బై ఒకటి. "దీనిని బట్టి నీరు పచ్చదనమునకు ఆటంకమని ప్రాథమికముగా తేలుచున్నది. వచ్చే పంటకాలమునుండి కాలువల కొసలన్నిటికీ నీరు నిలిపివేసి ఫలితములు పరిశీలించవచ్చును" అని ఆయన ప్రతిపాదన పంపారు. తెలుగు చేయమని నాకు వచ్చింది.

దాన్ని పక్కన పెట్టి ఏసోబును పిలిపించాను. నా సర్వీసులో ఒక కాగితాన్ని పక్కన పెట్టడం అదే మొదలు. గడి అంటే ఏమిటో, అందులో డెక్క ఎంతుందో, మార్కులు ఎలా వస్తాయో తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పాను.

"అంటే ఆ పైదానికి కనపడేది సుబ్బాయమ్మ చేను కాదు, డెక్కన్న మాట" అన్నాడు ఏసోబు.

"అవును."

"డెక్క పీకేస్తే?"

"మార్కులు తగ్గుతాయి. నలభైకి లోపల పడితే నీళ్ళొస్తాయి."

"ఇంతేనా! ఈ ముక్క మొదట్లో చెప్తే ఈపాటికి పీకేసేవాళ్ళం గదండీ" అన్నాడు. అనవలసిన మాటే.

తొమ్మిది ఇళ్ళవాళ్ళూ మురుగు కాలువలో దిగారు. రొమ్ముల దాకా నీళ్ళు, కాళ్ళకు జలగలు. నాలుగు రోజులు పీకారు. సుబ్బాయమ్మ చెల్లెలు కూడా దిగిందట. అత్తగారు గట్టు మీద కూర్చుని, ఒడ్డుకు వేసిన డెక్కను చేత్తో తడుముకుంటూ వాముల్లా పేర్చిందట. నల్లటి మురుగు నీరు బయటపడింది. ఉపగ్రహం మళ్ళీ వచ్చి చూసింది.

పదిహేడు మార్కులు వేసింది.

ఉత్తర్వు ప్రకారం ఇరవైకి తక్కువైతే పైరు లేని భూమి. పైరు లేని భూమికి నీరు కోరడం నేరం కాబట్టి సుబ్బాయమ్మకు ఒక నోటీసు కూడా వచ్చింది. దాన్ని ఆమెకు అందించి సంగతి చెప్పే పని ఏసోబు మీద పడింది. విని ఆమె ఏమందో అతను నాకు చెప్పలేదు. "ఎంత కావాలో అంతే రావాలంట. ఎక్కువొచ్చినా లేదంట, తక్కువొచ్చినా లేదంట. ఇప్పుడు మళ్ళీ డెక్క వెయ్యాల్సిందే గదండీ" అన్నాడు.

అప్పటికి ఒడ్డున వేసిన డెక్క ఎండి పెళుసైపోయింది. పచ్చి డెక్క కావాలి. ఎడ్లబండ్లు, ఒక ట్రాక్టరు కట్టుకుని పై ఊరికి వెళ్ళి వాళ్ళ మురుగు కాలువలో డెక్క అడిగారు. గుర్రపుడెక్కను అడిగి పట్టుకుపోయేవాళ్ళను పై ఊరివాళ్ళు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కిందివాళ్ళకు ఎండ దెబ్బ తగిలిందనుకుని మజ్జిగ తాగించి, బండ్లు నింపి పంపారు. ఏసోబు కర్రతో కాలువను కొలిచి, ఇక్కడ వెయ్యండి, ఇక్కడ వద్దు అని చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు నీళ్ళు పంచిన మనిషి ఆ రోజు డెక్క పంచాడు.

రెండు రోజులు మబ్బు. పాత మార్కులే కొనసాగాయి. మూడో రోజు ఎండ కాసింది.

ముప్ఫై ఒక్క మార్కులు. పాస్ మార్కు రాలేదని ఊరు సంతోషపడటం నేను వినడం అదే మొదటిసారి. కంప్యూటరు తనంతట తానే ఆర్డరు ఇచ్చింది. పదకొండో నెంబరు కొసకు ఒక తడి.

ఆ ఉదయం నేను సెలవు పెట్టి ఏసోబు వెంట వెళ్ళాను. ఇరవై ఏళ్ళు కాలువల కాగితాలు రాశాను కానీ కాలువ కొస చూడలేదు. గట్టు మీద నడుస్తుంటే నీళ్ళు మాకన్నా కొంచెం ముందు నడుస్తున్నాయి. బీటల్లోకి దిగుతున్నప్పుడు చిన్న చప్పుడు. ఏసోబు కుంటుతూ, ఇటూ అటూ చేలను చూసుకుంటూ నడిచాడు. నేను వద్దనలేదు.

సుబ్బాయమ్మ పార పట్టుకుని చేను గట్టు మీద నిలబడి ఉంది. చివరి తడి పెట్టి అది ఇరవై ఆరో రోజు. కంకులు బయటికొచ్చాయి. మూడెకరాలూ వచ్చాయి. నిటారుగా నిలబడి ఉన్నాయి. బరువుంటే కంకి వంగుతుందని నాకు కూడా తెలుసు. ఏసోబు ఒక కంకి తుంచి, గింజను గోటితో నొక్కి, నా అరచేతిలో పెట్టాడు. లోపల ఏమీ లేదు.

"తెల్లకంకి అయిపోయిందండి. ఇంక పాలు పట్టదు" అన్నాడు మెల్లగా.

అప్పుడే నా ఫోను మోగింది. విఠల్‌గారు మంచి హుషారుగా ఉన్నారు. ఉపగ్రహమే దప్పికను కనిపెట్టి, ఉపగ్రహమే నీరందించిన మొదటి గడి మాదేనట. సాయంత్రానికల్లా విజయ నివేదిక పైకి వెళ్ళాలట.

"పైరు పోయిందండి" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"నేనే చూశానండి. ఇప్పుడు కూడా చూస్తున్నాను."

ఆయన గొంతు ఆఫీసు గొంతయింది. "చూసిన సంగతి తర్వాత మాట్లాడదాం. నివేదికలో ఒక గడి ఖాళీగా ఉంది. ప్రస్తుతం పైరు ఏ రంగులో ఉన్నదో తెలుపండి."

"తెలుపండి" అన్నాను.

"అదేనయ్యా, నేనూ అదే అంటున్నాను. తెలుపండి."

"తెలుపేనండి. మూడెకరాలూ తెలుపు."

ఫోను పెట్టేశాను. నాకు ఏడుపొచ్చింది. జాలితో వచ్చినది కాదు, సిగ్గుతో వచ్చినది. ఒక్క మాట సరిగా రాసి ఉంటే ఆ చేను ఈపాటికి వంగి ఉండేది. ఆ మాట సుబ్బాయమ్మతో అందామనుకున్నాను.

నీళ్ళు చేను గట్టు దాకా వచ్చి ఆగాయి. సుబ్బాయమ్మ వంగి, పారతో గండి కొట్టడం మొదలుపెట్టింది.

"ఇంకెందుకమ్మా?" అన్నాను. "గింజ పట్టదట కదా."

ఆమె తల ఎత్తలేదు. ఇంకో పార మట్టి తీసి పక్కన వేసింది.

"పోయేవాళ్ళ నోట్లో తులసినీళ్ళు పొయ్యమా అయ్యా? ఇరవయ్యారు రోజుల్నించి అడుగుతానే ఉంది" అంది.

నీళ్ళు చేలోకి పారాయి. ఏసోబు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాను.